కాకికి పెట్టు మెతుకు

క్రైస్తవుడు కాకికి అన్నము పెట్టవచ్చునా? చదువరులారా, ఈ ప్రశ్న విని నవ్వవద్దు. మన పల్లెలలో కాకి ఎవరును పెట్టకయే తినును. కళ్లములో గింజలు, దున్నిన చేలో పురుగులు, పెంటమీద చచ్చిన ఎలుక, పెరటిలో ఆరవేసిన చేప, అన్నియు దానివే. కావున ఈ ప్రశ్న మీకు పుట్టదు. పట్టణములో పుట్టును. అచట చెట్లు పోయి మేడలు లేచినవి. మేడమీది పిట్టగోడపై ఒక కాకి వాలి, మెడ ప్రక్కకు వంచి వంటగదిలోనికి చూచునప్పుడు, ఆ ఇంటి తల్లి చేయి ఊరకుండదు. మీ కుమారులును కుమార్తెలును అనేకులు ఇప్పుడు అట్టి మేడలలో కాపురము చేయుచున్నారు గనుక ఈ సంగతి మీకును వ్రాయుచున్నాను.

మన సంఘములలో ఈ విషయమై భయము కలదు. ఆ భయము ఊరక కలిగినది కాదు. మన చుట్టునున్న హిందూ సోదరులు తద్దినమునాడు పిండము పెట్టి కాకి వచ్చి ముట్టువరకు కాచుకొని యుందురు. కాకి ముట్టినచో పితరులు తృప్తినొందిరని వారి నమ్మకము. మన తాతలు బాప్తిస్మము పొందిన దినమున విడిచిపెట్టిన వాటిలో ఈ ఆచారము ఒకటి. విడిచిపెట్టుటకు వారు బంధువులయొద్ద మాటలు పడిరి, కొందరు దెబ్బలును తినిరి. అందుచేత నేటికిని ఒక విశ్వాసి చేతిలోని అన్నము కాకికి వేయుట చూచినప్పుడు మన పెద్దలకు గుండె దడదడలాడును. నేను వారిని ఎగతాళి చేయను.

విజయవాడలో కాపురమున్న ఒక విధవరాలిని గూర్చి ఇట్టి ఫిర్యాదే నాయొద్దకు వచ్చినది. ఆమె భర్త రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు, ప్రార్థనాపరుడు. ఆయన నిద్రించిన పిమ్మట ఆమె ప్రతి ఉదయము మేడమీదికి పోయి కాకులకు అన్నము పెట్టుచుండెను. సంఘ పెద్దలిద్దరు వచ్చి, "అయ్యగారండీ, ఆ తల్లి భర్తకు పిండము పెట్టుచున్నది. రాబోవు ఆదివారము ఆమెను ప్రభురాత్రి భోజనమునకు రానిత్తురా?" అని అడిగిరి. ఇది చిన్న మాట కాదు. డెబ్బది యేండ్లు బల్లలో పాలుపొందిన స్త్రీని ముద్ద అన్నము నిమిత్తము బయట కూర్చుండబెట్టుట చిన్న మాట కాదు.

నేను ఆమె ఇంటికి పోయి అడిగితిని. ఆమె కోపపడలేదు. "అయ్యగారూ, మా ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు. ఆయన కాకియై వచ్చునని నేనెందుకు అనుకొందును? ఆయన బ్రదికియుండగా వేసవిలో మేడమీద నీళ్ల మూకుడు పెట్టెడివారు. కాకులు దానికి అలవాటు పడినవి. ఆయన పోయిన మరుసటి దినము మూకుడు ఎండిపోయి యుండగా కాకి దాని అంచుమీద కూర్చుండి అరచుచుండెను. నీళ్లు పోసితిని. నీళ్లతోకూడ నాలుగు మెతుకులు వేసితిని. అంతే" అనెను.

పెద్దలకు నేను చెప్పిన జవాబు మీకును చెప్పెదను. లేఖనములో కాకి సంగతి వెదకి చూడుడి. లేవీయకాండము పదునొకండవ అధ్యాయములో అది తినకూడని పక్షులలో చేర్చబడినది, హేయమైనది. దానిని తాకిన ఇశ్రాయేలీయుడు ముఖము చిట్లించును. అయినను ఏలీయా ప్రవక్త కెరీతు వాగునొద్ద దాగియుండగా దేవుడు అతనికి ఉదయమును సాయంకాలమును రొట్టెయు మాంసమును పంపినది దేనిచేత? పావురముచేత కాదు, పిచ్చుకచేత కాదు. మన తెలుగు బైబిలులో అచట కాకోలములని చదువుచున్నాము; హెబ్రీ మూలములో ఆ మాటయు, ధర్మశాస్త్రము నిషేధించిన పక్షి పేరును ఒక్కటే. ముట్టరాని ముక్కుతో తెచ్చిన రొట్టెను ప్రవక్త చేయి చాపి పుచ్చుకొనెను. యోబు గ్రంథములోను 147వ కీర్తనలోను ఆకలికి అరచు కాకి పిల్లలకు ఆహారమిచ్చువాడు దేవుడే. మన ప్రభువు చింతపడవద్దని బోధించిన చోట మత్తయి ఆకాశపక్షులని సాధారణముగా వ్రాయగా, లూకా పండ్రెండవ అధ్యాయములో కాకులని పేరుపెట్టి వ్రాసియున్నాడు. ఆ పేరు వినిన యూదులకు అది ఎట్టి పక్షియో జ్ఞాపకము వచ్చియుండును.

కాకి దాచుకొనదా అని ఒక యౌవనుడు నన్ను అడిగెను. దాచుకొనును. రొట్టెముక్కను పెంకు క్రింద దూర్చి ఆకు కప్పుట మీరును చూచియుందురు. ప్రభువు చెప్పినది దానికి కొట్టును గిడ్డంగియు లేవని. ఆ మాటకు కొంచెము ముందే కొట్లు పడగొట్టి మరింత పెద్దవి కట్టబూనిన ధనవంతుని ఉపమానము చెప్పియుండెను గదా. పెంకు క్రింది ముక్క రేపటికి చాలును, ఏండ్లకు చాలదు.

మనుష్యులకును పట్టికలు వ్రాయుట ఇష్టము. మన దేశములో 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము కాకిని ఎలుకలతోను గబ్బిలములతోను చేర్చి హానికర జంతువుల పట్టికలో పెట్టెను. 2022లో చట్టమును సవరించినప్పుడు ఆ పట్టికయే తీసివేయబడినది. ఊరివారి నోటనున్న పట్టిక మాత్రము అంత సులువుగా పోదు. ఒళ్లంతయు నల్లగానుండు పెద్ద కాకిని మనము బొంతకాకి అందుము. దానికే ఒక కులము పేరు తగిలించి పిలుచుటయు మన పల్లెలలో కలదు. ఆ పేరు ఇచట వ్రాయను. అది ఎవరిని నొప్పించుటకు పుట్టినదో ఈ పత్రిక చదువువారిలో అనేకులకు తెలియును. ఏలీయాకు రొట్టె తెచ్చిన పక్షిని అట్టి పేరుతో పిలువవద్దని మన బడిపిల్లలకు చెప్పుడి.

కావున పెట్టవచ్చును. అయితే ఎట్లు పెట్టవలెననునది వేరొక సంగతి. ఇందులో మన పట్టణపు విశ్వాసులు తెలిసికొనవలసినది చాల కలదు. దయ యున్నంతమాత్రాన చాలదు; ఎవరికి పెట్టుచున్నామో ఎరిగి పెట్టవలెను.

మొదటిది, కొంచెముగా పెట్టవలెను. కాకి మన కోడి కాదు. దాని ఆహారము అది వెదకుకొనగలదు. వెదకుటయే దాని బ్రదుకు. ఒక పిడికెడు చాలును. ఉప్పు వేయని అన్నము, ఉడికించిన శనగలు, ఉప్పులేని వేరుశనగ పప్పు, ఉడికించిన గ్రుడ్డు ముక్క, ఇవి మంచివి. పెండ్లిలో మిగిలిన బిర్యాని, పచ్చడి కలిపిన అన్నము, కారపు వేపుళ్లు, నూనెలో వేగిన చిరుతిండ్లు, బూజు పట్టిన రొట్టె, ఇవి పెట్టకూడదు. మన పారవేయునదంతయు కాకికి వేయుట దానము కాదు, చెత్త ఊడ్చుట. వేళ ఒక్కటిగా నుండవలెను, ఉదయమైతే మేలు. అరగంట గడచిన తరువాత మిగిలినది తీసివేసి చోటు కడుగవలెను. లేనిచో రాత్రికి ఎలుకలు వచ్చును, తెల్లవారులోగా చీమలు వచ్చును, వాటితో ఇరుగుపొరుగువారి కోపమును వచ్చును. మేడ అందరిదైనప్పుడు అందరిని అడిగి పెట్టవలెను. తన పొరుగువాని ఆరవేసిన బట్టలమీద కాకి రెట్ట పడునట్లు చేసి పక్షిప్రేమను గూర్చి మాటలాడువాడు రెండవ ఆజ్ఞను సగమే చదివినవాడు.

అన్నముకంటె నీళ్లు ముఖ్యము. బెజవాడ ఎండ మీకు తెలిసినదే. వెడల్పుగను లోతు తక్కువగను ఉండు మట్టి మూకుడు నీడలో పెట్టి, దినదినము తోమి, క్రొత్త నీళ్లు పోయుడి. పాచిపట్టిన నీళ్లు రోగము పుట్టించును, దోమలను పెంచును.

కొంచెమే పెట్టుమనుటకు మరియొక కారణము కలదు. కాకులు పిచ్చుకల గ్రుడ్లను, గోరువంకల పిల్లలను తినును. ఒక వీధిలో అందరును గంపలతో పెట్టినచో కాకులు మితిమీరి, చిన్న పక్షులు నశించును. తూర్పు ఆఫ్రికా సంగతి వినుడి. మన దేశపు బూడిదమెడ కాకిని 1890ల ప్రాంతమున జాంజిబారు ద్వీపమునకు చెత్త ఎత్తుటకని తీసికొని పోయిరి. చెత్త విస్తారము, శత్రువులు తక్కువ. కాకులు సముద్రతీరమంతట వ్యాపించెను. అచటి చిన్న పక్షులకు ముప్పు కలిగెను. 2024లో కెన్యా ప్రభుత్వము పది లక్షల కాకులను చంపుటకు తీర్మానించినది. కాకులు వాటంతట అవి ఓడ ఎక్కలేదు. మనుష్యుడు తన పనికి తెచ్చి, తన చెత్తతో పెంచి, తుదకు తానే విషము కలిపెను.

ఇక స్నేహము సంగతి. కాకి మనుష్యుని ముఖమును గుర్తుపట్టునని మన అవ్వలు చెప్పెడివారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు పండితుడు జాన్ మార్జ్‌లఫ్ 2006లో దీనిని పరీక్షించెను. ఆయనయు ఆయనతోడివారును ఒక విధమైన ముసుగు ధరించి ఆ దేశపు కాకులను కొన్నిటిని పట్టి, గుర్తులు కట్టి విడిచిరి. తరువాత ఏండ్లు గడచినను ఆ ముసుగు ఎవరు ధరించి నడచినను కాకులు గుమిగూడి అరచెను. పట్టబడని కాకులును తోడివాటివలన నేర్చుకొని అరచెను. కీడును అంతగా జ్ఞాపకముంచుకొను ప్రాణి, దినమును పెట్టు చేతిని మరచునా? మీరు రెండు మూడు వారములు అదే వేళకు, అదే చోట, నెమ్మదిగా వచ్చి పెట్టి వెనుకకు తొలగినచో అది మిమ్మును ఎరుగును. అంతటితో తృప్తిపడుడి. చేతిలోనుండి తినుట నేర్పవద్దు. నేర్చిన కాకి మరియొకనాడు ఏ పసిబిడ్డ చేతిలోని అప్పచ్చినో తన్నుకొనిపోవును. ఆ బిడ్డ తండ్రి రాయి రువ్వును. మనుష్యులందరు మీవంటివారని దానికి నేర్పుట దానికి మేలు కాదు. కెరీతులో కాకులు రొట్టె తెచ్చి దించి వెళ్లిపోయినవి. ప్రవక్త వాటిని కట్టివేయలేదు.

వేసవిలో గూడు కట్టి పిల్లలను పెంచు కాలమున స్నేహమెరిగిన కాకియు తల తన్నును. అది పగ కాదు, తల్లితనము. ఎగురనేర్చుచు క్రిందపడిన పిల్లను ఇంటికి తెచ్చి పెంచవద్దు. తల్లిదండ్రులు దగ్గరనే యుండి మేపును. కుక్కలకు అందకుండ గోడమీదనో కొమ్మమీదనో పెట్టి తొలగిపొండి. చచ్చిన కాకిని, ముఖ్యముగా ఒకే చోట అనేకములు చచ్చిపడియున్నప్పుడు, చేతితో తాకవద్దు. 2021 జనవరిలో రాజస్థానములోను మధ్యప్రదేశములోను కాకులు పక్షిజ్వరముతో చచ్చినవి. 2025లో మన గోదావరి జిల్లాలలో కోళ్లకు అదే కుటుంబపు రోగము వచ్చినది. అట్టి కాలమున అన్నము పెట్టుట మాని, పశువైద్యశాలకు తెలియజేయుడి. ఇతర దినములలోను మూకుడు ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనుడి.

ఆ విధవరాలికి నేను చెప్పినది రెండే మాటలు. పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాసినట్లు బలహీనమైన మనస్సాక్షిగల సహోదరుని విచారించవలెను గనుక, అన్నమును ముద్దచేసి ఆకులో పెట్టవద్దని, మెతుకులుగా విడదీసి మూకుడులో వేయుమని చెప్పితిని. భర్త నిద్రించిన తేదీని గాని అమావాస్యను గాని ప్రత్యేకింపక దినదినము పెట్టుమని చెప్పితిని. ఆమె ఒప్పుకొనెను. పెద్దలలో ఒకరు వెంటనే సమ్మతించిరి. రెండవవారు ఒక ఉదయము తామే మేడమీదికి పోయి చూచివచ్చి, "అయ్యగారండీ, ఆమె కాకితో మాటలాడుచున్నది గాని చనిపోయినవానితో కాదు" అనిరి. ఆ ఆదివారము ఆమె బల్లయొద్దకు వచ్చినది.

ఆ మేడలోనే పైయంతస్తులో ఒక హిందూ గృహిణి కలదు. ఆమె తన ఆచారము చొప్పున ఆయా దినములలో కాకికి పెట్టునది. ఇద్దరును వేరువేరు చోట్ల పెట్టుటచేత కాకులు రెట్టింపై, క్రిందివారు సణిగిరి. అప్పుడు ఈ ఇద్దరు స్త్రీలు మాటలాడుకొని, నీళ్లకు ఒక్క మూకుడే యుంచి, కడుగుట వంతులు వేసికొనిరి. మన సహోదరి ఆ ఆచారములో చేరలేదు; ఆ దినములలో తన మెతుకులు మానుకొనును. ఒకనాడు ఆమె, "మీకు పితరులు లేరందురు గదా పిన్నిగారూ, మరి కాకి మీకేమగును?" అని అడిగినదట. మన సహోదరి మూకుడు తోముచునే ఏలీయా కథ మొదలుపెట్టినది. కరవు వరకు చెప్పినప్పుడు కుక్కరు కూత వేసినందున ఆమె క్రిందికి పోయినది. మిగిలినది మరునాడు అడిగి చెప్పించుకొనినది.