మా అవ్వ తొక్కు సీస

మా బడి పాతబస్తీల ఉంటది. కింద ఉర్దూ మీడియం, మీద తెలుగు మీడియం. స్టాఫ్‌రూం మాత్రం ఒక్కటే. ఏటా జూన్‌ల బడి తెరిచిన నాడు ఆ రూములో హాజరు రిజిస్టరు కంటే ముందు తొక్కు సీసలు తెరుచుకుంటయి. ఎండకాలం సెలవుల్లో ఎవరింట్ల పెట్టిన మామిడికాయ తొక్కు వాళ్లు తెచ్చి పంచుతరు. హార్లిక్స్ సీసలు, స్టీలు డబ్బలు, పింగాణీ జాడీలు. లెక్కల మేడమ్‌ది బెల్లం ఆవకాయ. సైన్సు సారు భార్యది అల్లం తొక్కు. తెలుగు మేడమ్‌ది "మడితో పెట్టిన" ఆవకాయ. ఆ మడి మాట చెప్పకుండ ఆమె సీస చేతికియ్యదు. తీసుకున్నోళ్లు కూడ ప్రసాదం తీసుకున్నట్టే తీసుకుంటరు.

మా నాయిన మీరాలం మండిల హమాలీ. మే నెలల పుల్లటి గట్టి కాయలు ఏరి, కొట్టిచ్చి సంచి నింపుకొస్తుండె. అవ్వ మునిసిపాలిటీ రోడ్లు ఊడ్చి పదింటికి ఇంటికొచ్చి, కాళ్లు చేతులు కడుక్కొని ముక్కల ముందట కూసుంటుండె. ఒక్కొక్క ముక్కను పొడిగుడ్డతోని తుడిచి, జీడి, లోపలి పొర తీసేసి, ఉప్పు, కారం, ఆవపిండి, మెంతిపిండి, పసుపు కలిపి, అల్లమెల్లిగడ్డ దంచి వేస్తది. నువ్వులనూనె కాగబెట్టి, చల్లారినంకనే పోస్తది. తడి చెయ్యి తగిలితే ఊరుకోదు. శుచి అంటే ఏందో నేను ఆమె దగ్గరనే చూసిన. మడి అనే మాట మాత్రం ఆమెకు తెల్వదు.

కొలువొచ్చిన మొదటి ఏడు నేనూ ఆరు సీసలు తీసుకపోయిన. మీద కాయితం అతికించి "అమ్మ చేతి మామిడి తొక్కు" అని రాసిన. ఇంట్ల నేను అవ్వ అంట. బడికి వచ్చేసరికి అమ్మ అయింది. తొక్కు అందరికీ నచ్చింది. తెలుగు మేడమ్ అయితే "మీ అమ్మగారిని అడిగి రాసుకు రండి" అన్నది. రాసిచ్చిన.

తర్వాతి ఏప్రిల్ 14న జయంతి సభల మాట్లాడమంటే మాట్లాడిన. "మా మాదిగోళ్లు" అని నోట్లెకెల్లి వచ్చింది. ఎవరూ ఏమనలే. చప్పట్లు కూడ కొట్టిండ్రు.

ఆ జూన్‌ల మళ్ల ఆరు సీసలు తీసుకపోయిన. తెలుగు మేడమ్‌కు బీపీ. డాక్టరు ఊరగాయ బందు పెట్టమన్నడంట. అదే పగటిపూట లెక్కల మేడమ్ సీస ఆమె సంచిలకు పోవుడు నేను చూసిన. లెక్కల మేడమ్ మాత్రం నా సీస నవ్వుకుంట తీసుకున్నది. వారం గడిచినంక అన్నం తినేటప్పుడు మా ఆయమ్మ, ఆమె మనోళ్లే, నా పక్కకొచ్చి "బిడ్డా, లెక్కల మేడమ్ తొక్కిచ్చింది, మస్తుంది, జర ఏసుకో" అన్నది. మూత తియ్యకముందే గుర్తుపట్టిన. కాయితం సగం ఊడింది. "అమ్మ చేతి" అన్నంత మట్టుకు మిగిలింది, నా రాతల. ఏసుకున్న. "మంచిగుందా?" అంటే "మంచిగుంది" అన్న.

వాళ్లు మాకు ఇయ్యరని కాదు. మస్తుగ ఇస్తరు. పండుగ పిండివంటలు, పాత చీరెలు, మడి ఆవకాయ. ఇచ్చేకాడ వాళ్ల చెయ్యి మీద ఉంటది కదా. తీసుకునేకాడనే వస్తది బీపీ. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని అంబేద్కర్ 1936ల "కుల నిర్మూలన"లోనే రాసిండు. మేము ఇంకా కలిసి తినేకాడికే రాలే. చంద్రభాన్ ప్రసాద్ 2016ల "దళిత్ ఫుడ్స్" అని పేరు పెట్టి పచ్చళ్లు, మసాలాలు అమ్మకానికి పెట్టిండు. కులం పేరు సీస మీదనే రాసి, కొనుమన్నడు. నేను నా సీస మీద కులం రాయలే. వాళ్లే చదువుకున్నరు.

ఇంత చెప్తున్న గని నేను దాచింది చెప్పలే. మా ఇంట్ల అసలు నిల్వ తొక్కు కాదు, ఎండు తునకలు. పెద్దకూరను సన్నగ పొడుగ్గ కోసి, ఉప్పు, పసుపు రాసి తాడు మీద ఆరేస్తుండె అవ్వ. కాకులను కొట్టుడు మా పని. మూడు నాలుగు ఎండలకు పుల్లలెక్క అయితయి. కుండల పెట్టి గుడ్డ కడితే వానకాలం దాటుతది. నిప్పుల మీద కాల్చి, దంచి, పుంటికూరలనో చింతచిగురులనో వేస్తే ఇంటిల్లిపాదికి ఒక పూట. ఏడో తరగతిల నా దోస్తు ఇంటికొస్తుంటె ఉరికి పోయి ఆ తాడు మీద దుప్పటి కప్పిన. అవ్వ చూసింది, ఏమనలే. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల బీఫ్ ఫెస్టివల్ చేసినప్పుడు బీఎడ్ చదువుతున్న. గేటు దాక పోయి మర్లొచ్చిన. లాఠీలకు భయపడి కాదు. ఎవరన్న చూస్తరని.

2023ల బక్రీద్ జూన్ 29న వచ్చింది. రెండు మూడు వారాలకు ఉర్దూ మీడియం ఆపా నన్ను మెట్లకాడికి పిలిచి, కాయితంల చుట్టిన డబ్బ చేతుల పెట్టింది. "సూఖా గోష్. బడే కా. ఆప్ లోగాఁ ఖాతే క్యా?" అని గొంతు తగ్గించి అడిగింది. నాకు మాట రావడానికి జర సేపు పట్టింది. "ఖాతే ఆపా" అన్న. బడిల ఆ మాట అనుడు అదే మొదలు. "అమ్మాకు బోలో, అంబాడే మే డాల్ కో పకానా" అన్నది. అంబాడా అంటే మన పుంటికూరనే. మనం పెద్దకూర అంటం, వాళ్లు బడే కా గోష్ అంటరు. మన చింతచిగురు వాళ్ల వంటల "చిగుర్ గోష్" అయింది. వాళ్ల మేడల మీద కూడ బక్రీద్ అయినంక తాళ్లు కడతరు. ఇన్నేండ్లు ఈ గల్లీలల్ల తిరిగి ఆ తాళ్లు నాకు కనపడలే అంటే, నేను చూడొద్దనుకున్న కాబట్టి.

ఆపా ఇంట్ల అంత సమానమే అనను. బిడ్డ పెండ్లి దావత్‌ల చోటే కా పెట్టకుంటే ఇజ్జత్ పోతదని అప్పు చేసిన సంగతి ఆమెనే చెప్పింది. ఆ డబ్బ కూడ స్టాఫ్‌రూంల ఇయ్యలే, మెట్లకాడ ఇచ్చింది. గొంతు తగ్గించుకునుడు మా ఇద్దరికీ అలవాటే.

అవ్వ డబ్బ తెరిచి వాసన చూసి "ఎవరు పంపిండ్రే?" అన్నది. చెప్పిన. ఒక తునక ఇరిచి చూసి "ఉప్పు జర తక్కువైంది, ఎండ సాల్లే" అన్నది. తెల్లారి ఆ డబ్బ నిండ తొక్కు పెట్టి ఇచ్చింది. ఖాళీ డబ్బ తిప్పి పంపొద్దంటది. ఆపా తొక్కు మాత్రం స్టాఫ్‌రూంలనే, అందరి ముందట, రొట్టెల నంజుకొని తిన్నది.

2025 జూన్ 12న ఏడు సీసలు తీసుకపోయి బల్ల మీద పెట్టిన. కాయితం మీద ఈసారి "మా అవ్వ పెట్టింది" అని రాసి, కింద అవ్వ పేరు, మా వాడ పేరు రాసిన. పగటికల్ల మూడు పోయినయి. ఒకటి ఆపాది, ఒకటి సైన్సు సారుది. మూడోది లెక్కల మేడమే తీసింది, ఇంటికి పోతదో ఇంకెక్కడికి పోతదో. సాయంత్రం గంట కొట్టినంక మిగిలిన నాలుగు సంచిలేసుకొని వచ్చిన.

"గివి మిగిలినయేందే?" అన్నది అవ్వ.

ఇంకా జవాబియ్యలే. ఆయమ్మకు కూడ చెప్పాలె, ఆ పాత సీస ఎవరిదో.