ఎవరి చెవిన వేయాలి?

ఈస్టరు దగ్గరపడుతోందంటే మా గుంటూరు వైపు చుట్టాలిళ్లలో ఒక వాదన తప్పదు. ఫిరంగిపురం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) పిల్ల లూథరన్ ఇంటికి కోడలై వచ్చి ఉంటుంది. బాప్టిస్టు మేనమామగారొకరు పండక్కి దిగుతారు. పాపసంకీర్తనం చేసుకోవాలి, గుడికి వెళ్లొస్తానని కోడలు లేస్తుంది. "నేరుగా ప్రభువుకే చెప్పుకోవచ్చుగా అమ్మా, మధ్యలో ఫాదర్‌గారెందుకు?" అని మేనమామగారు అందుకుంటారు. క్షమించే అధికారం శిష్యులకు ప్రభువే ఇచ్చాడని ఆవిడ యోహాను సువార్త 20వ అధ్యాయం తీస్తుంది. మధ్యవర్తి ఒక్కడేనని ఆయన మొదటి తిమోతి 2వ అధ్యాయం తీస్తారు. కాఫీలు చల్లారిపోతాయి.

చివరికి ఆవిడ "ఇది అపొస్తలుల నాటినుంచీ ఇలాగే వస్తోంది" అంటుంది. ఆయన "అవన్నీ లూథరుగారు ఎప్పుడో తీసేశారు" అంటారు. రెండు మాటలూ చరిత్రలో నిలవవండీ. కాస్త కూర్చోండి, చెబుతాను.

తొలి శతాబ్దాల్లో హత్య, వ్యభిచారం, విశ్వాసాన్ని వదులుకోవడం లాంటి ఘోరపాపాలకు సంఘమంతా చూస్తుండగా ప్రాయశ్చిత్తం చేయాలి. అదీ జీవితంలో ఒక్కసారే. 390లో థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన థియొడోసియస్ చక్రవర్తికి మిలాను బిషప్పు అంబ్రోసు ప్రభు భోజనం ఇవ్వనన్నాడు. అంతటి చక్రవర్తీ రాజవస్త్రాలు తీసేసి, గుడిలో అందరి ముందూ ఏడ్చి క్షమాపణ వేడుకున్నాడు. దొరికేది ఒక్క అవకాశమే కాబట్టి, చాలామంది దాన్ని చావు మంచం దాకా దాచుకునేవారు.

ఒంటరిగా, రహస్యంగా, ఎన్నిసార్లయినా చెప్పుకునే పద్ధతిని ఊరూరా పాకించింది ఐర్లండు సన్యాసులు. ఏ పాపానికి ఎన్నాళ్ల ఉపవాసమో పట్టీలు రాసిపెట్టుకున్నారు వాళ్లు. 589లో స్పెయిన్‌లోని టొలేడోలో కూడిన సభ, ఇలా మాటిమాటికీ క్షమాపణ పొందడమేమిటని మండిపడింది. అదే అలవాటును 1215లో నాలుగో లాతరాను మహాసభ ఏడాదికి ఒక్కసారైనా చేసి తీరాలని అందరికీ శాసనం చేసింది. చేయనివాడికి గుడి ప్రవేశం లేదు, చనిపోతే క్రైస్తవ సమాధీ లేదు. ఒకప్పుడు తిట్టిన పనే తర్వాత తప్పనిసరి అయిందన్నమాట! ఇక పాపాలు చెప్పుకోవడానికి నడుమ తడికె ఉన్న చెక్క అర ఉంది చూశారూ, దాన్ని పట్టుబట్టి పెట్టించినవాడు 16వ శతాబ్దిలో అదే మిలానుకు ఆర్చిబిషప్పైన చార్లెస్ బొర్రోమియో. చక్రవర్తి బహిరంగంగా ఏడ్చిన ఊరే అది.

ఇప్పుడు లూథరుగారి సంగతి. ఆయన పాపసంకీర్తనాన్ని తీసేయలేదు. బలవంతాన్ని తీసేశారు, ప్రతి పాపాన్నీ లెక్క అప్పజెప్పాలన్న నియమాన్ని తీసేశారు. లూథరన్లు 1530 నాటి తమ ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే క్షమాపణ సంఘాల్లో ఉండాలనే రాసుకున్నారు. లూథరు చిన్న ప్రశ్నోత్తరిలో చదువురానివాళ్లకు ఎలా ఒప్పుకోవాలో నేర్పే భాగముంది. పనివాడైతే చెప్పిన పని చేయలేదని, యజమానికి కోపం తెప్పించానని చెప్పాలి. ఇంటి యజమానైతే బిడ్డల్ని సరిగ్గా పెంచలేదని, బూతులాడానని, నాసిరకం సరుకు ఎక్కువ ధరకు అంటగట్టానని చెప్పాలి. సంతలో కొలత దగ్గర చేసిన మోసం పాస్టరుగారి ముందు నోటితో బయటికి రావాలన్నమాట. నాకీ భాగమంటే ఎంతో ఇష్టం. "నేను పాపిని" అని అందరితో కలిసి అనడం తేలిక. "ఫలానా మనిషిని మోసం చేశాను" అనడానికి గుండె కావాలి.

దీనికి జవాబుగా కాథలిక్కుల ట్రెంటు మహాసభ 1551లో తేల్చి చెప్పింది: గుర్తున్న చావైన పాపాల్ని, అంటే ఘోరపాపాల్ని, ఒక్కొక్కటిగా గురువుకు, అంటే ఫాదర్‌గారికి, చెప్పాల్సిందే, అది దైవనియమం అని. అంతకు ఐదేళ్ల ముందే లేఖనాన్నీ అపొస్తలుల పరంపరనూ సమాన భక్తితో స్వీకరిస్తామని అదే సభ ప్రకటించింది. లేఖనం మీద పరంపర కూడా మాట్లాడవచ్చా అన్నదే అసలు తగువు. మన ఇళ్లలో కాఫీల దగ్గర తెగనిదీ అదే.

నేను పుట్టి పెరిగింది ప్రొటెస్టెంటు గుడిలో. ప్రతి పాపాన్నీ ఏకరువు పెడితేనే క్షమాపణ అంటే ఒప్పుకోలేను. కానీ మేనమామగారిని ఒకటి అడగాలని ఉంది. ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది కదా, మనం ఎవరితో ఒప్పుకుంటున్నాం? సాక్ష్యాల్లో రక్షణకు ముందు తాగుడు గురించి చెబుతాం. నిన్నటి అబద్ధం గురించి చెప్పం. చెప్పకపోవడానికి కారణమూ ఉంది: చెబితే ఆదివారానికల్లా పేటంతా తెలుస్తుందని భయం.

ఆర్‌సీఎం వాళ్లకు ఆ భయం లేదు. విన్నది బయటపెట్టిన గురువును పదవినుంచి తీసేసి, బతికినన్నాళ్లూ కఠినమైన మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని ఆ 1215 శాసనమే చెప్పింది. ఇప్పటికీ గురువు నోరు విప్పడానికి వీల్లేదు. ఆ ఒక్క నియమాన్ని మన పాస్టర్లూ సంఘపెద్దలూ ప్రమాణం చేసి పాటిస్తే, మన గుడుల్లోనూ నోరు విప్పి చెప్పుకునేవాళ్లు వస్తారని నా నమ్మకం.