చోళవరపు పందెపుబాట

నెల్లూరినుండి చెన్నపట్టణమునకుఁ బోవు పెద్దబాటలో చోళవరమను నూరు కలదు. పట్టణమునకు త్రాగునీరిచ్చు చెరువు పేరుగానే దానిని మనవారు పెక్కుమంది యెఱుగుదురు. ఆ చేరువనే యొక పాత విమానపు దిగుబాట కలదు. మోటారు పందెములకు భారతదేశమున మిక్కిలి పేరువడసిన స్థల మదియే.

మాకు అచ్చటికిఁ బోవలసిన పని యేమని యడుగుదురేమో! మా పెద్దవాఁడు పదునెనిమిదేండ్లు నిండినది మొదలు కృష్ణపట్నము రేవుబాటమీద మోటారుసైకిలుతో తోటివారితో పందెములు వేయుచున్నాఁడని విని నాకు రాత్రులు నిద్ర లేదు. మావారు బడిపంతులు గనుక ఉపన్యాసములు చెప్పి చూచిరి. వాఁడు తల వంచుకొని వినెను, మఱునాఁడు మరల పోయెను. “వేగముకొఱకే యేర్పఱచిన చోటొకటి వానికిఁ జూపుదమండీ” అని నేనంటిని.

ముత్తుకూరు విడిచి, నెల్లూరిలో బస్సెక్కి, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటితిమి. గుమ్మిడిపూండి చేరునప్పటికి అంగళ్ల పలకలన్నియు అరవమే. తేనీటి యంగడివాఁడు మాత్రము మాతో తెలుగుననే మాటాడెను. కారనోడై వంతెన దాటినంతనే చోళవరము.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసిరి. ఆ రెండవ ప్రపంచయుద్ధ కాలపుదే యీ దిగుబాట. యుద్ధము ముగిసెను, కాంక్రీటు మిగిలెను. 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడినది; వారి పందెములు 1980ల చివరివఱకు ఇచ్చట జరిగినవి, వేలకొలఁది జనము చూడవచ్చెడివారు. ఇంగ్లండులోను ఇట్లే సిల్వర్‌స్టోనను యుద్ధవిమానాశ్రయమున 1948లో గడ్డిమోపులు హద్దులుగాఁ బేర్చి గొప్ప పందెము నడపిరి. అంతకు మున్ను పందెములకే 1907లో కట్టిన బ్రూక్లండ్సు బాటయో, యుద్ధకాలమున విమానముల కర్మాగారమునకు వశమైపోయినది! ఆ బ్రూక్లండ్సులోనే 1908లో స్త్రీలకై యొక పందెము పెట్టఁగా మ్యూరియల్ థాంప్సనను నామె గెలిచెను.

నేఁడు చోళవరపు స్థలము సైన్యమువారిది గనుక బయటినుండియే చూచితిమి. కన్నులపండువేమియు లేదు, ఎండ, గడ్డి, చదునైన నేల. “ఇంతేనా అమ్మా?” అని వాఁడు నిరుత్సాహపడెను. అప్పుడు మావారు ఉపన్యాసము మాని లెక్క చెప్పిరి: గంటకు 40 కిలోమీటర్ల వేగమున బ్రేకు వేసిన బండి నిలుచుట కెంత దూరము పట్టునో, 80 కిలోమీటర్ల వేగమున దానికి నాలుగింతలు పట్టును, రెండింతలు కాదు. విమానములకై పఱచిన బాట వెడల్పు, ప్రక్కల బయలు. మలుపు తప్పిన బండికి తడబడి నిలుచుటకుఁ జోటుండును. మా రేవుబాటన ఒకప్రక్క బొగ్గు లారీలు, ఒకప్రక్క గేదెలు, తప్పినవానికి చోటెక్కడిది?

నాకు నన్నయగారి నలోపాఖ్యానము తలఁపునకు వచ్చినది. ఋతుపర్ణుని యుత్తరీయము జాఱినంతలో రథము యోజనదూరము దాటిపోయినదట! అంత వేగమును బాహుకుఁడు పందెమునకై పూనలేదు. తన యిల్లాలున్న చోటికిఁ జేరవలసి పూనెను. ఈ మాట నేను పైకి అనలేదు. వినవలసిన వయసు వానికింకను రాలేదు.

వాఁడు తిరుగుదారిలో చాలసేపు మాటాడక, సూళ్లూరుపేట దాటిన పిదప మలుపుల సంగతి తండ్రిని తానే యడుగ మొదలిడెను. 1990నుండి పందెములు శ్రీపెరుంబుదూరు చేరువనున్న ఇరుంగాట్టుకోట్టై బాటకు మాఱినవి. అచ్చటికిఁ గొనిపొమ్మని యిప్పుడు పట్టుపట్టుచున్నాఁడు. తలకు హెల్మెట్టు కొన్న పిదపనే యని చెప్పియున్నాను. దాని వెల విచారించుటకు మావారు రేపు నెల్లూరు పోవుచున్నారు.