పుట్టింటి మామిడి మొద్దు

మా చిన్నాడు డిప్లొమా పూర్తిచేసి, దాచుకున్న డబ్బుతో ఓ పాత చెయిన్ సా కొన్నాడు. మన వైపు కొబ్బరిచెట్లు కొట్టే పెట్రోలు రంపమే లెండి. వీడు దాంతో బొమ్మలు చెక్కుతాడట! విదేశాల్లో ఎవరో దుంగలోంచి ఎలుగుబంటిని తీసే వీడియోలు చూశాడు. రంపమైతే వచ్చింది, మరి మొద్దు?

రాజమండ్రిలో కలప అడితికి వెళితే అంతా ఘనపుటడుగుల లెక్క. టేకు ధర వినగానే మా ఆయన మంచినీళ్లడిగారు. కొండపల్లి బొమ్మలకి తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకి అంకుడు కర్ర ఉన్నాయి. అవి మన డెల్టాలో పెరిగేవి కావు.

గాలికి పడిన కొబ్బరి మాను ఒకటి పక్కింటివాళ్లు ఊరికే ఇచ్చారు. దాని పైభాగం రాయి, లోపల పీచు. ముక్కు చెక్కబోతే ముఖమే ఊడొచ్చింది! పోనీ వరదకి కొట్టుకొచ్చే దుంగలు పట్టుకుందామన్నాడు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి వచ్చిన గోదారిని చూసినదాన్ని, కాళ్లు విరగ్గొడతానన్నాను.

చివరికి దారి చూపించింది మా పాలావిడ. "కట్టెల అడితికెళ్లండమ్మా, పొయ్యిలోకెళ్లే దుంగకి కలప రేటెవరు కడతారు?" అంది. నిజమే! అక్కడ మామిడి, వేప, నిద్రగన్నేరు అన్నీ తూకానికే. పచ్చి దుంగ కొంటే నీళ్లకీ డబ్బు కట్టినట్టే. అయినా పచ్చిదే మేలట, రంపం మెత్తగా దిగుతుంది. ఆరేటప్పుడు పగలకుండా రెండు కొసలకీ మిగిలిపోయిన పెయింటు పూసి నీడన పెట్టాలి. ఇంట్లో సగం వాడిన పెయింటు డబ్బాలుంటే పారెయ్యకండి.

లావుపాటి మామిడి మాను ఒకటి చూసి వాడు ఆగాడు. మేకులుంటే గొలుసు తెగి మీదికొస్తుందని చేత్తో తడుముతున్నాడు. "అమ్మా, ఇందులో ఇనుముంది!" అన్నాడు. బెరడు మింగేసిన తీగ, కొస మాత్రం బయటికుంది.

అడితి ఆయన దుంగ ఏ ఊరినుంచి వచ్చిందో చెప్పాడు. మా ఊరే. బట్టలారేసుకోవడానికి మా నాన్న మెలిపెట్టి కట్టిన తీగ అది. ఆ చెట్టు కొమ్మకే మాకు అట్లతద్ది ఉయ్యాల. ఇల్లు కట్టడానికి అడ్డమని కొట్టించాడు కాబోలు అన్నయ్య. వాడి స్థలం, వాడి చెట్టు, కాదనను. ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా!

తీగున్న చోటు వదిలేసి మూడున్నర అడుగుల ముక్క కోయించాం. 160 కిలోలు తూగింది. కిలో ఆరు చొప్పున 960 రూపాయలు. మా ఆయన్ని అడగలేదు, నా పోపులడబ్బాలో డబ్బే ఇచ్చాను. తీగున్న ముక్క కూడా ఇమ్మన్నాను. అడితి ఆయన వింతగా చూసి దానికి డబ్బులు తీసుకోలేదు.

మొద్దు ఇప్పుడు మా పెరట్లో గోనెపట్టా కప్పుకుని ఉంది. మావాడు దానిమీద సుద్దతో గుడ్లగూబ గీస్తే చెరిపించేశాను. "పోనీ ఏం చెక్కాలో నువ్వే చెప్పు, పూర్తిగా ఆరితే గట్టిపడిపోతుంది" అంటూ రోజూ అడుగుతున్నాడు. ఇంకా చెప్పలేదు. అన్నయ్యకి కూడా.