మడత కత్తి – నా చూపుడు వేలు

నా కుడిచేతి చూపుడు వేలి మీద మచ్చ మీ అందరికీ తెలుసు. పోయిన సంక్రాంతి సెలవుల తర్వాత పదిహేను రోజులు నా నోట్సు మీరే రాసిపెట్టారు. ఎలా తెగిందిరా అని అడిగితే కొడవలి తగిలిందన్నాను. అది అబద్ధం. సబ్బులకీ నూనెకీ ఇచ్చిన డబ్బుల్లో 40 రూపాయలు మిగిల్చి సంతలో మడత కత్తి కొన్నాను. ఆ సంగతి బయటపడుతుందని భయం.

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. ఆ రోజు అంబలి పోసుకోవడానికి ఎండిన ఆనపబుర్రకు కన్నం పెడుతున్నాను. కత్తి మొన ఆనించి గట్టిగా పొడిచాను. బుర్రకేమీ కాలేదు. కత్తే వెనక్కి మడుచుకుని నా వేలి మీద మూసుకుంది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేశారు.

నాన్న తిట్టలేదు. కత్తిని రెండు మూడుసార్లు తెరిచి మూసి, "దీనికి లాకు ఏదిరా? ఉత్త స్ప్రింగు బిగువే" అన్నాడు. అలాంటి కత్తి పెన్సిలు చెక్కడానికి, మామిడికాయ కోయడానికి సరిపోతుంది. వెనక నుంచి గట్టిగా ఒత్తిడి పడితే మాత్రం మూసుకుపోతుంది. లాకు ఉన్నదైతే మనం విడిపిస్తేనే మూసుకోవాలి.

దసరా సెలవుల్లో ఇద్దరం మళ్ళీ సంతకు వెళ్ళాం. నాకు మెరిసే పిడి కత్తి నచ్చింది. తెరిస్తే టక్కుమంది కూడా. "టక్కుమంటే చాలా?" అని నాన్న బ్లేడు పట్టుకుని కదిపాడు. పైకీ కిందకీ ఆడింది. పిడి లోపలికి చూడమన్నాడు. అక్కడొక రేకు పక్కకు జరిగి, బ్లేడు మొదలు వెనక అడ్డంగా నిలబడాలి. దీంట్లో అది అంచుకే తగులుతోంది. అప్పుడు నాన్న వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా పిడి పట్టుకుని, బ్లేడు వీపును బల్ల అంచుకు మెల్లగా నొక్కాడు. చటుక్కున మూసుకుపోయింది!

"ఏటి బాబూ, సరుకు పాడుసేత్తావా?" అని కొట్టాయన కోప్పడ్డాడు. నాకు సిగ్గేసింది. నాన్నకు వెయ్యలేదు. అలాగే ఇంకో రెండు నొక్కి చూశాడు. చివరికి ఒక చెక్కపిడి కత్తి నిలబడింది. దాని వీపున మీట ఉంది, దాని కొక్కెం బ్లేడు గాడిలో పడుతుంది. చూడ్డానికి ఏమీ బాగోదు. 180 రూపాయలు.

మా సైన్సు మాస్టారు ఒక సంగతి చెప్పారు. ఫ్రాన్సులో ఒపినెల్ అనే మడత కత్తి 1890లో పుట్టిందట. బ్లేడు కదలకుండా తిప్పి బిగించే ఉంగరం దానికి 1955లో పెట్టారట. ఆ 65 ఏళ్ళలో ఎన్ని వేళ్ళు తెగాయో!

లాకు గాడిలో మట్టి చేరితే కొక్కెం పూర్తిగా పడదు. పాత పళ్ళ బ్రష్షుతో తుడిచి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తాను. కొబ్బరినూనె వెయ్యకండి, జిగురైపోతుంది. లాకు ఉన్నా మొనతో పొడవడం మానేశాను. బుర్రకు కాల్చిన ఇనపచువ్వతో కన్నం పెడతారని తాత ఇప్పుడు చెబుతున్నాడు. అప్పుడే చెప్పొచ్చుగా!

కత్తి ఇప్పుడు వార్డెన్ గారి బీరువాలో ఉంది. హాస్టలుకు రాగానే నేనే ఇచ్చేశాను, 40 రూపాయల సంగతీ చెప్పేశాను. సారు ఏమీ అనకుండా కత్తి తెరిచి చూశారు. మూయడం రాక మళ్ళీ నన్నే పిలిచారు.

– 9వ తరగతి విద్యార్థి