మౌలాలీ గుట్ట చుట్టూ

మౌలాలీ స్టేషన్ నుంచి బయటికి రాగానే గుట్ట కనపడుతుంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు ఎంత పైకి లేచినా దాన్ని మూసెయ్యలేకపోయాయి. నున్నటి పెద్ద బండ, నెత్తిన తెల్లటి దర్గా. హైదరాబాద్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాటిలో ఎన్నో కంకరగా మారి రోడ్ల కిందికీ శ్లాబుల్లోకీ పోయాయి. ఈ బండను మాత్రం మొక్కు కాపాడింది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

పైకి నాలుగు వందలకు పైగా మెట్లున్నాయి. పొద్దున్నే మొదలుపెట్టడం మంచిది, తొమ్మిది దాటితే రాయి కాలుతుంది. నా ముందు ఒక ముసలామె మోకాలి మీద చెయ్యి వేసుకుని ఎక్కుతోంది. వెనకాల మనవడి చేతిలో అగరుబత్తీలు, చక్కెర పొట్లం. ఆమె నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. "బాబు పాసైతే ఎక్కుతనని మొక్కిన" అంది, ఆగి ఊపిరి తీసుకుంటూ. ఆమె పక్కనుంచే ఒక ముస్లిం కుటుంబం చంటిపిల్లను ఎత్తుకుని దాటిపోయింది. పైన ఊదు పొగలో వాళ్లంతా ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. మౌలాలీలో ఇదేమీ వింత కాదు, అందుకే దాని గురించి ఎవరూ ఉపన్యాసాలివ్వరు.

ఈ గుట్టకు ఒక కథ ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండను ఏలుతున్న కాలంలో, 1578లో, యాకూత్ అనే అంతఃపుర సేవకుడు జబ్బుపడ్డాడు. ఆకుపచ్చ బట్టల మనిషి ఒకడు కలలో వచ్చి, ప్రవక్త అల్లుడు మౌలా అలీ పిలుస్తున్నాడని గుట్ట మీదికి తీసుకెళ్లాడట. అక్కడ అలీ బండ మీద చెయ్యి ఆనించి కూర్చుని కనిపించాడట. తెల్లారి యాకూత్ వెళ్లి చూస్తే రాతి మీద అరచేతి గుర్తు ఉంది. దర్గా వెలిసింది ఆ గుర్తు కోసమే. గుట్టకు మనుషులతో సంబంధం మాత్రం అంతకంటే చాలా పాతది. ఇనుపయుగం నాటి రాతి సమాధులు ఈ చుట్టుపక్కల బయటపడ్డాయి.

ఇప్పుడు శివారు అంటున్న ఈ చోటికి ఒకప్పుడు నగరమే కదిలి వచ్చేది. రజబ్ నెల 17న జరిగే ఉర్సుకు ఆసఫ్ జాహీ నిజాంల దర్బారు దర్బారంతా ఇక్కడికి తరలేది. డేరాలు, ఏనుగులు, పల్లకీలు, పాటగత్తెలు, మిఠాయి దుకాణాలతో గుట్ట కింద మరో ఊరు లేచేది. అమీర్లు ఇక్కడ సొంతంగా విడిది ఇళ్లు, తోటలు కట్టుకున్నారు. మలక్‌పేటకు మారకముందు గుర్రప్పందేలు కూడా మౌలాలీలోనే జరిగేవి. ఆ రోజుల్లో నగరం వేడుకకు ఇక్కడికి వచ్చేది. ఇప్పుడు ఇక్కడి మనిషి తెల్లారి డబ్బా పట్టుకుని నగరానికి పోయి, పొద్దుగూకాక పడుకోవడానికి తిరిగొస్తున్నాడు. మౌలాలీ చరిత్ర మొత్తం ఈ తిరుగుడులోనే ఉందని నాకనిపిస్తుంది.

గుట్ట దిగి ఇళ్ల మధ్య కొంచెం వెతుక్కుంటే మహ్లకా బాయి తోట దొరుకుతుంది. ప్రహరీ లోపల నాలుగు భాగాలుగా తీర్చిన తోట, నడుమ సమాధి. తల్లి రాజ్ కన్వర్ బాయి చనిపోతే మహ్లకా బాయి 1792లో కట్టించింది. 1824లో తానూ తల్లి పక్కకే చేరింది. అసలు పేరు చందా. 1768లో ఔరంగాబాద్‌లో పుట్టి, రెండో నిజాం, నిజాం అలీఖాన్ కొలువులో నాట్యకత్తెగా, గాయనిగా, కవయిత్రిగా పేరు పొందింది. విలువిద్య తెలుసు. నిజాం వెంట యుద్ధాలకు వెళ్లింది. జాగీర్లు ఏలింది. దివాన్, అంటే కవితల సంపుటి, కూర్చిన తొలి ఉర్దూ కవయిత్రుల్లో ఒకరు. అందులో 125 గజళ్లున్నాయి. తన దివాన్ ప్రతి ఒకటి 1799లో ఈస్టిండియా కంపెనీ అధికారి జాన్ మాల్కంకు ఇచ్చింది. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

నేను చాలాసేపు అక్కడే ఉండిపోయాను. సున్నపు పూతలో చెక్కిన తీగలు, పూలు. కమాను మూలల్లో వేలితో తడిమితే తెలిసేంత సన్నని పనితనం. చాలా ఏళ్లు తోట అడివిపట్టి పోయింది. 2010-11లో అమెరికా ప్రభుత్వ నిధుల సాయంతో బాగుచేశారు. ఎక్కడి డబ్బయినా పని జరిగింది, సంతోషమే. కానీ ఈ పేటలో పుట్టి పెరిగిన ఆడపిల్లలకు ఈమె పేరు తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. దగ్గర్లో ట్యూషన్ నుంచి వస్తున్న ఇద్దరమ్మాయిలను అడిగితే, "అది ఎవరిదో సమాధి ఆంటీ" అన్నారు. చదువుకుని, సంపాదించి, తన పేరు మీద భూములు ఏలి, కవిత్వం రాసిన మనిషి వాళ్ల వీధి పక్కనే ఉంది. బడి పిల్లలను ఏడాదికి ఒక్కసారి ఇక్కడికి నడిపించి తీసుకురావడం ఏమంత కష్టం?

మౌలాలీని ఈనాటి మౌలాలీగా చేసింది మాత్రం రైలు. 1880లలో నిజాం రైలు మార్గం సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు సాగింది. 1893లో పక్కనే లాలాగూడ వర్క్‌షాపు వచ్చింది. తర్వాత ఇక్కడ లోకో షెడ్డు, రైల్వే ఉద్యోగులకు ట్రైనింగ్ ఇచ్చే జోనల్ ఇన్‌స్టిట్యూట్, క్వార్టర్లు. స్టేషన్ దగ్గర చాయ్ హోటల్లో ఒక రిటైరైన పెద్దాయన పక్కన కూర్చున్నాను. షెడ్డులో ఫిట్టర్‌గా చేశాడట. "మా నాయిన బొగ్గింజన్ల మీద ఫైర్‌మన్ బిడ్డా. ఇంటికొస్తె కండ్లు తప్ప అంత నలుపే. నేను డీజిల్ చేసిన. చేతులకు ఆ వాసన పోనేపోదు" అని అరచేతులు చూపించాడు. గీతల్లో నలుపు ఇంకా ఉంది. కొడుకు హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. "వాడి చేతులు మెత్తగుంటయి. నడుమే నొస్తదంటడు." ఇంజన్ చప్పుడు విని ఏ మోటారు సరిగా లేదో చెప్పేవాడినని ఆయన అంటుంటే పక్క బల్ల మీది వాళ్లు నవ్వలేదు. నిజమేనని తలలూపారు.

ఆ తర్వాత కథ నగరం చుట్టూ ఏ పేటదైనా ఒకటే. ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలు వచ్చాక జీతాలొచ్చాయి, వాటి వెంట హౌసింగ్ బోర్డు ఇళ్లు, ప్లాట్లు. చెరువులు కుదించుకుపోయాయి. 2007లో చుట్టుపక్కల శివారు పురపాలికలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. గుట్ట వాలు మీదికి కూడా ఇళ్లు పాకుతున్నాయి. ఉండటానికి చోటు లేక కట్టుకున్నవాళ్లను తప్పుపట్టలేను. చుట్టుపక్కల బండలను పగలగొట్టి అమ్ముకునేవాళ్లను మాత్రం తప్పకుండా తప్పుపడతాను.

రైలు మాత్రం ఇంకా పెరుగుతోంది. 2024 మార్చిలో మౌలాలీ నుంచి సనత్‌నగర్ వెళ్లే రైలు లైను రెండో పట్టాతో సిద్ధమైంది. హౌసింగ్ బోర్డు దగ్గర కొత్త స్టేషన్ వచ్చింది. లింగంపల్లి వైపు ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడుస్తోంది. చాయ్ హోటల్ పెద్దాయన కొడుకు ఇంకా బైకు మీదే పోతాడు. రైళ్లు చాలినన్ని లేవని, ఒకటి తప్పితే పొద్దంతా పోయినట్టేనని అతని ఫిర్యాదు. పట్టాలు వేసినవాళ్లే బండ్లు కూడా పెంచాలి. లేకపోతే కొత్త ప్లాట్‌ఫారాలు ఎండలో ఖాళీగా మిగిలిపోతాయి.

వెళ్లేముందు మెట్ల దగ్గర పూలమ్మే ఆమె దగ్గర గులాబీ రేకులు కొన్నాను. ఉర్సు ఎప్పుడని అడిగితే ఫోన్ తీసి క్యాలెండర్ చూసింది. చాంద్ లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది. "చలికాలంల వస్తె మాకు మంచిది అక్కా. పూలు వాడవు. ఎండల్ల వస్తె సగం పారబోసుడే" అంది. ఉర్సు రోజుల అమ్మకంతోనే పిల్లల స్కూలు ఫీజు మొదటి కంతు కడుతుందట. గుడిమల్కాపూర్ మార్కెట్లో ఎవరి దగ్గర ఎంత అప్పు పెట్టాలో, ఎన్ని బుట్టలు చెప్పాలో అప్పుడే లెక్క మొదలుపెట్టింది.