మామయ్యగారి ఈగలు

ఆదివారం ఆబిడ్స్ ఎలా ఉంటుందో హైదరాబాదు వాళ్లకి చెప్పక్కర్లేదు. షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. నాంపల్లిలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరమే. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, పాత నవలల కోసం వెళ్లడం నాకు పెళ్లయిన కొత్త నుంచీ అలవాటు. కిందటేడు వానాకాలంలో ఒక ఆదివారం మాత్రం పుస్తకాల కోసం వెళ్లలేదు. కాసేపు ఇంట్లోంచి బయటపడితే చాలనిపించి వెళ్లాను.

ఆ వేసవిలో మా మామయ్యగారికి పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే స్వాధీనంలోకి వచ్చింది కానీ కుడిచెయ్యి రాలేదు. వేళ్లకి పని చెప్పమన్నారు డాక్టరుగారు. పూసలు గుచ్చమని గిన్నెలో పోసిస్తే, "నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?" అని గిన్నె పక్కకి నెట్టేశారు. ఆ రోజు నుంచి మాట కూడా తగ్గించేశారు. పొద్దున్నే మావారి టిఫిన్ డబ్బా, మా బాబు కాలేజీ బస్సు హడావిడిలో నేనే గబగబా ఆయన చొక్కా గుండీలు పెట్టేసేదాన్ని. అప్పుడాయన నా మొహంలోకి చూసేవారు కాదు. గోడవైపు చూసేవారు.

ఆ ఫుట్‌పాత్ మీద దొరికింది ఒక ఇంగ్లీషు పుస్తకం. అట్ట మీద చేప, లోపల రంగురంగుల ఈగల బొమ్మలు. చెరువుల్లో, సరస్సుల్లో ట్రౌట్ చేపని పట్టడానికి దారంతో, ఈకలతో ఈగలు కట్టడం ఎలాగో చెప్పే పుస్తకం. నూట యాభై అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు. మామయ్యగారు కరీంనగర్ వైపు పల్లెలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు ఎర్రలు గుచ్చి, బెండు కట్టి, ఊరి చెరువులో గాలం వేసేవారు. ఆయన పాత గాలపు కొక్కేల రేకు డబ్బా ఇప్పటికీ మా అటక మీదే ఉంది.

పుస్తకం చూపిస్తే, "ఈకతో చేప పడుతుందా? నీళ్లలో చేపకి బేరం పెట్టినట్టుంది" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన పూర్తి వాక్యం అది.

రాత్రిళ్లు వంటిల్లు సర్దాక ఆ పుస్తకం చదివి ఆయనకి తెలుగులో చెప్పేదాన్ని. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. మనదేశానికి దాన్ని ఇంగ్లీషువాళ్లు తెచ్చారు. కాశ్మీరులో, నీలగిరుల్లో, మున్నార్‌లో బతుకుతుంది కానీ మన గండిపేట నీళ్లలో బతకదు. ఏరులో అయితే ప్రవాహమే ఈగని లాక్కుపోతుంది. నిలవ నీటిలో ఆ కదలిక మన చేతులే ఇవ్వాలి. అందుకే ముందు నీళ్లని చూడాలట. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే తేలే ఈగ కట్టాలి. పైన అలికిడి లేకపోతే మునిగే పురుగు కట్టాలి. దాన్ని నింఫ్ అంటారు. నీళ్లు మురికిగా ఉండి ఏమీ కనిపించకపోతే మెరిసే లూర్ వేయాలి. అది ఏ పురుగులాగానూ ఉండదు, చేపకి కోపమో ఆశో పుట్టిస్తుందంతే.

నిలవ నీటి ట్రౌట్ ఎక్కువగా తినేది దోమలాంటి చిన్న పురుగుల్ని. దాని పిల్ల అడుగు బురదలో ఎర్రగా పెరుగుతుంది. రెక్కలొచ్చే ముందు మెల్లగా పైకి లేచి, నీటి పైపొర కింద కాసేపు వేలాడుతుంది. చేప దాన్ని అందుకునేది అప్పుడే. దాన్ని పోలిన ఈగని బజర్ అంటారు. కట్టడం తేలిక. కొక్కెం మీద నల్లదారం చుట్టి, దాని మీద ఎడం ఎడంగా వెండితీగ చుట్టి, తల దగ్గర నెమలి ఈక పోగులు రెండు చుట్టలు వేస్తే చాలు.

మర్నాడు అటక మీది డబ్బా దింపించాను. నల్లదారం కుట్టుమిషను పెట్టెలో ఉంది. నెమలీక దేవుడి గూట్లో కృష్ణుడి దగ్గర ఉంది, ఆయన్ని అడిగే తీసుకున్నాను. వెండితీగ బదులు నా పాత పట్టుచీర అంచులోంచి జరీపోగు లాగాను. మా బాబు పట్టకారు పిడికి రబ్బరుబ్యాండు బిగించి, కొక్కెం మొన దాని నోట్లో దాగేలా పెట్టిచ్చాడు.

మొదటి ఈగకి గంటన్నర పట్టింది. దారం ఎన్నిసార్లు జారిందో! జారినప్పుడల్లా నా చెయ్యి ముందుకెళ్లేది. మూడోసారి మామయ్యగారు, "నువ్వు లాగితే నాకెప్పుడు వస్తుందమ్మా?" అన్నారు.

ఆయనన్నది దారం గురించే. కానీ నాకు గుండీలు గుర్తొచ్చాయి. నేను సాయం అనుకుని చేసింది, నిజానికి నా తొందర కోసం చేసింది. అదే పుస్తకంలో చదివాను, కొత్తవాళ్లు ఈగని మరీ వేగంగా లాగేస్తారట, నిలవ నీటిలో దాన్ని కదిలీ కదలనట్టు లాక్కోవాలట. ఆయనకి చదివి వినిపించిన మాటే, నా చెవికి ఎక్కలేదు.

ఆ మర్నాటి నుంచి అరగంట ముందు లేచి, చొక్కా ఆయన చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోవడం మొదలుపెట్టాను. తాతా మనవళ్లు మాత్రం రోజూ సాయంత్రం ఈగలు కట్టేవారు. వాడు ఫోను పక్కన పెట్టి మరీ కూర్చునేవాడు.

చెయ్యి పూర్తిగా బాగుపడిందని చెప్పను. సంతకం ఇంకా వంకరే. ఇరవై మూడు ఈగలు కట్టారు, ఒక్క చేపా పడలేదు. మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర చేప మందు కోసం వచ్చిన జనాన్ని బాల్కనీలోంచి చూస్తూ, "మన ఈగలకి కొర్రమీను కూడా లొంగదులే" అని నవ్వారు.

మొన్న ఆదివారం ఆబిడ్స్‌కి ఆయనే బయల్దేరారు, ఇంకో పుస్తకం వెతకాలట. గుండీలు తనే పెట్టుకున్నారు. ఒక కాజా తప్పి, చొక్కా ఒకవైపు కిందికి వేలాడుతోంది. నా చెయ్యి ముందుకెళ్లబోయింది. సంచీ గట్టిగా పట్టుకుని, "పదండి మామయ్యగారూ" అన్నాను.